రేసు కారుకు నంబరు ప్లేటు

నంబరు ప్లేటు లేని కారును నేను జీవితంలో రెండు రోజులే రోడ్డు మీద నడిపాను. ఆ రెండు రోజులూ చట్టప్రకారమే నడిపాను. మొదటిది 2016 మార్చిలో ఒక మంగళవారం. ఇంగ్లండ్‌లో మేముండే మిల్టన్ కీన్స్ నుంచి తెల్లవారుతుండగా బయల్దేరాను. గంట ప్రయాణం. కారుకు పైకప్పు లేదు, తలుపుల చోట గుడ్డ పలకలు. సీట్లో కూర్చుని చెయ్యి బయటికి చాపితే వేళ్లకు రోడ్డు తగులుతుంది. చలికి రెండు జతల గ్లోవ్స్ వేసుకున్నాను. జాకెట్ లోపలి జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు కాగితాలు. ఒకటి నేను ఇంట్లో కట్టుకున్న ఆ కారు రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే పరీక్షకు రమ్మని వచ్చిన అపాయింట్‌మెంట్ లెటరు, రెండోది నంబరు ప్లేటు లేదు కాబట్టి ఛాసిస్ నంబరు మీద తీసుకున్న ఇన్సూరెన్సు. ముందుగా బుక్ చేసుకున్న పరీక్షకు వెళ్లి రావడానికి మాత్రం రిజిస్ట్రేషన్ లేని బండిని నడపొచ్చని బ్రిటన్ చట్టం ఒప్పుకుంటుంది. వెనక మా మామూలు కారులో మా ఆయన, ఆయన పక్కన మా నాన్న వస్తున్నారు.

సగం దారిలో పోలీసు కారొకటి నా పక్కకు వచ్చి, వెనకబడి, మళ్లీ పక్కకు వచ్చి ఆపమని చెయ్యి చూపించింది. నాకు గుండె దడదడలాడింది. ఆ పోలీసాయన లెటరు చదివి, మోకాళ్ల మీద కూర్చుని ఛాసిస్ గొట్టం మీద కొట్టిన నంబరును ఇన్సూరెన్సు కాగితంతో అంకె అంకె సరిచూశాడు. లేచి, కట్టడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు. నాలుగు నెలలని చెప్పాను. పరీక్ష బాగా జరగాలని చెప్పి వెళ్లిపోయాడు. వెనక కారులోంచి నాన్న దిగి పరుగున వచ్చేసరికే అంతా అయిపోయింది. "ఏమన్నాడే?" అన్నాడు. "ఏమీ అనలేదు నాన్నా, కాగితాలు సరిపోయినయ్యి" అన్నాను. నాన్నకు నమ్మకం కుదరలేదు. మళ్లీ స్టార్ట్ చేసేదాకా అక్కడే నిలబడ్డాడు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్లకు పైగా లారీ మెకానిక్‌గా చేశాడు. నేను పెరిగింది పానాల చప్పుడులో, గ్రీజు వాసనలో. సెలవుల్లో షెడ్డుకు వెళ్తే నట్లూ వాషర్లూ సైజుల వారీగా డబ్బాల్లో సర్దడం నా పని. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి, ఇంగ్లండ్. చేతికి గ్రీజు అంటక పదేళ్లయింది. ఇక్కడ ఒక ఆదివారం మా ఆఫీసు స్నేహితురాలి భర్త రేసు చూడ్డానికి వెళ్లాం. రేసు అయ్యాక ఆయన హెల్మెట్ తీసి, సామాన్లు పక్క సీట్లో పెట్టుకుని, అదే కారులో ఇంటికి వెళ్లిపోయాడు. దాన్ని ట్రైలర్ ఎక్కించలేదు, లారీ ఎక్కించలేదు. ఆ కారుకు ముందూ వెనకా నంబరు ప్లేట్లున్నాయి. అది నా బుర్రలోంచి పోలేదు.

ఆయన నడిపింది కాటర్‌హామ్ అకాడమీ అనే పోటీలో. 1995లో మొదలైంది. అంతకుముందు రేసుల్లో దిగని కొత్తవాళ్లకే అందులో చోటు. అప్పట్లో అందరి కార్లూ ఒకటే: 1.6 లీటర్ల ఫోర్డ్ సిగ్మా ఇంజను, 125 హార్స్‌పవర్. ఎవరూ లోపల చెయ్యి పెట్టకుండా ఇంజనుకు సీలు వేసి ఉంటుంది. మన మారుతి 800 కన్నా తేలికైన కారు, శక్తి మాత్రం దానికి మూడు రెట్లకు పైనే. చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం, అగ్నిమాపక సిలిండరు, బయటినుంచి కరెంటు కట్ చేసే స్విచ్చి, ఇవన్నీ రేసు కోసమే. అయినా ఆ కారు రోడ్డుకు రిజిస్టర్ అయి తీరాలన్నది ఆ పోటీ లెక్క. కావాలంటే ఫ్యాక్టరీలో కట్టించుకోవచ్చు, లేదంటే పెట్టెల్లో తెచ్చుకుని మనమే కట్టుకోవచ్చు. నేను రెండోది కోరుకున్నాను. డబ్బు తగ్గుతుందన్నది ఒక కారణం. నాన్న కూతురిని అన్నది అసలు కారణం.

ఈ రకం కారుకు ఒక పాత కథ ఉంది. 1957లో కోలిన్ చాప్‌మన్ కంపెనీ లోటస్ 'సెవెన్' అనే చిన్న కారు తెచ్చింది. వారమంతా ఆఫీసుకు, ఆదివారం రేసుకు అదే కారు. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కొత్త కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఉండేది కాదు. అందుకే చాలామంది పెట్టెల్లోనే కొన్నారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది లోటస్ ఆ కారు హక్కులను గ్రాహమ్ నర్న్ నడిపే కాటర్‌హామ్ కంపెనీకి ఇచ్చేసింది. పన్ను లాభం పోయినా ఇంట్లో కారు కట్టుకునే అలవాటు పోలేదు. దాన్ని ఆపేసే బదులు ప్రభుత్వం దానికొక పరీక్ష పెట్టింది. 1998 నుంచి ఎస్‌వీఏ, 2009 నుంచి దాని స్థానంలో ఐవీఏ, అంటే ఒక్కొక్క బండికి విడిగా ఇచ్చే ఆమోదం.

పెద్ద కంపెనీలు లక్షల కార్లు అమ్మే ముందు ఒక నమూనాకు అన్ని పరీక్షలూ చేయించి ఆమోదం తెచ్చుకుంటాయి. ఆ తర్వాత అచ్చు అలాగే వచ్చే ప్రతి కారూ రోడ్డెక్కుతుంది. నా గ్యారేజీలో పుట్టిన కారుకు అలాంటి నమూనా లేదు. కాబట్టి దాన్ని ఒక మనిషి కళ్లతో చూసి, చేత్తో తడిమి, ఒప్పుకోవాలి. నాన్నకు ఫోన్లో ఇది చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పెట్టడమే కదా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తాడు."

పెట్టెలు నవంబరులో వచ్చాయి. ఛాసిస్ లారీ మీంచి దించి గ్యారేజీలో స్టాండ్ల మీద పెట్టాం. ఇంజను చెక్క పలక మీద వచ్చింది. మిగిలినవన్నీ అట్టపెట్టెలు, వాటి నిండా నంబర్లు వేసిన సంచులు. మొదటి శని, ఆదివారాలు ఏమీ బిగించలేదు, నట్లూ బోల్టులూ సర్దుకున్నాను. ఆ రెండు రోజులూ చిన్నప్పటి సెలవుల్లాగే గడిచాయి.

అన్నిటికన్నా ఏడిపించింది డిఫరెన్షియల్, అంటే ఇంజను శక్తిని వెనక చక్రాలకు పంచే పెట్టె. చాలా బరువు. ఛాసిస్ గొట్టాల మధ్య ఇరుకులోకి కిందినుంచి ఎత్తి, రెండు వైపులా వాషర్లు వేసి, సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాలి. ఒక వాషరు ఎక్కువైతే ఎడమకు, తక్కువైతే కుడికి. మా ఆయన జాకీ మీద దాన్ని ఎత్తి పట్టుకోవడం, నేను బోల్టు దూర్చడం, వాషరు జారి పడడం. ఇలా ఒక శనివారం మొత్తం పోయింది. ఆదివారం పొద్దున నాన్నకు వీడియో కాల్ చేశాను. కాసేపు చూసి, "వాషరుకు కాస్త గ్రీజు రాసి అంటించు, పడదు. బోల్టు ముందు చేత్తో నాలుగు మరలు ఎక్కాలి. ఎక్కకుండా పానా పెట్టొద్దు" అన్నాడు. గంటలో అయిపోయింది. పుస్తకంలో ఆ పని గురించి రెండు పేజీలున్నాయి, ఈ మాట లేదు.

ఫిబ్రవరిలో నాన్నా అమ్మా విజిటర్ వీసా మీద వచ్చారు. కారు అప్పటికే చక్రాల మీద నిలబడి ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చిన నాన్న అన్నం తినకుండా గ్యారేజీలోకి వెళ్లి, అరగంటపాటు ఏమీ మాట్లాడకుండా చుట్టూ తిరిగి, కిందికి వంగి చూశాడు. బయటికొచ్చి, "వెనక ఎడమ బ్రేకు గొట్టం ఒరుసుకుంటది, తిప్పి వెయ్యి" అన్నాడు. నిజమే, చక్రం కిందికి దిగినప్పుడు ఆ గొట్టం ఒరుసుకుంటోంది. నేను ఎన్నిసార్లు చూసినా కనపడలేదు.

ఇక పరీక్ష సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాయాలి. రేసు కారుకు రోడ్డు అనుమతి అనగానే చాలామంది అడిగేది స్పీడు గురించే. ఎంత స్పీడు వెళ్తుందో ఆ పరీక్షలో ఎవరూ అడగలేదు. ఎవరినైనా తగిలితే ఏమవుతుందన్నదే వాళ్లు చూశారు.

ఇన్‌స్పెక్టరు అరవైకి దగ్గర వయసాయన. చేతిలో టార్చి, జేబులో పది సెంటీమీటర్ల గుండ్రటి బంతి. ఆ బంతిని కారు బయటి భాగాల మీద దొర్లిస్తూ వెళ్లాడు. బంతి తగిలిన ప్రతి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. బంతి దూరని సందుల్లో ఎంత పదునున్నా ఫరవాలేదు, అక్కడికి మనిషి ఒళ్లు కూడా చేరదు. నా కారులాంటి వాటిలో చక్రాలు, సస్పెన్షన్ కడ్డీలు అన్నీ బయటే ఉంటాయి. అందుకే పరీక్షకు ముందు రెండు వారాలు అదే పని: ప్రతి నట్టు మీదా ప్లాస్టిక్ టోపీ, అల్యూమినియం రేకు అంచులన్నిటికీ రబ్బరు అంచు, కోసిన ప్లాస్టిక్ తాళ్ల కొసలకు ఆకురాయి. నాన్న ఒక్కో అంచు మీదా బొటనవేలు ఈడ్చుకుంటూ వెళ్లేవాడు. "గీరుకుంది" అంటే మళ్లీ రుద్దడమే.

తర్వాత బ్రేకులు. రోలర్ల మీద పెట్టి నాలుగు చక్రాల బలం విడివిడిగా కొలిచారు. వెనక చక్రాల కన్నా ముందు చక్రాలు ముందుగా పట్టెయ్యాలి. వెనకవి ముందు బిగిస్తే కారు గిర్రున తిరుగుతుంది. రేసు కార్లలో ముందు వెనకల నిష్పత్తి మార్చుకునే మీట ఉంటే, అది కదలకుండా శాశ్వతంగా బిగించి చూపించాలి. ఇన్‌స్పెక్టరు ఇది వివరిస్తుంటే నేను నాన్నకు తెలుగులో చెప్పాను. నాన్న తల ఊపి, "ఖాళీ లారీ వానలో బ్రేకు కొడితే తోక తిరిగేది అందుకే" అన్నాడు. అది నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన టార్చి కిందపెట్టి, మీ నాన్నగారు లారీలు చేస్తారా అని అడిగాడు. ఆ తర్వాత కారు కింద ఏది చూసినా నాన్నను పిలిచి చూపించాడు. ఇద్దరికీ భాష కలవదు. అయినా ఒకాయన వేలు పెట్టి చూపిస్తే ఇంకొకాయనకు అర్థమైపోయేది.

శబ్దానికి 99 డెసిబెల్స్ హద్దు. సైలెన్సర్ కొసకు అరమీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి, ఇంజను గరిష్ఠ శక్తి ఇచ్చే వేగంలో ముప్పావు దగ్గర పట్టి ఉంచమన్నారు. నాకు టెన్షన్ అంతా ఇక్కడే ఉంది. 97 వచ్చింది. పొగ పరీక్ష, హెడ్‌లైట్ల కోణం, అద్దాల్లో ఎంత కనిపిస్తుంది, దొంగతనం చెయ్యకుండా ఏం పెట్టారు, ఇవన్నీ వరసగా గడిచాయి. స్టీరింగ్ తిప్పి వదిలేస్తే దానంతట అదే తిన్నగా రావాలి. ఈ తేలిక కార్లు అక్కడ మొండికేస్తాయని విని టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టుకుని వెళ్లాను. అదీ గట్టెక్కింది.

అయినా ఆ రోజు నా కారు ఫెయిలైంది. మూడు కారణాలు, మూడూ నా చేతివే.

మొదటిది స్పీడోమీటరు. అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపించొచ్చు, తక్కువ మాత్రం చూపించకూడదు. రోలర్ల మీద 50 మైళ్ల దగ్గర నాది 48 చూపించింది. టైరు చుట్టుకొలత సెట్టింగ్ నేను తప్పుగా పెట్టాను.   రెండోది వైర్లు. వైర్లనూ బ్రేకు గొట్టాలనూ 300 మిల్లీమీటర్లకు మించకుండా క్లిప్పులతో పట్టి ఉంచాలి. వెనక లైట్లకు వెళ్లే ఒక వైరు దాదాపు అడుగున్నర దూరం వేలాడుతోంది. మూడోది, ముందు సస్పెన్షన్ నట్టు మీది ప్లాస్టిక్ టోపీ దారిలో ఎక్కడో ఊడిపోయింది. గుప్పెడు టోపీలు జేబులో వేసుకెళ్లి ఉంటే అక్కడే సరిపోయేది. ఎవరైనా ఈ పరీక్షకు వెళ్తుంటే వాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదే: టోపీలు, రబ్బరు, ప్లాస్టిక్ తాళ్లు ఒక సంచినిండా వెంట తీసుకెళ్లండి.

పరీక్ష ఫీజు 450 పౌండ్లు, మళ్లీ వెళ్తే 90. డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది నాన్న ముందు ఫెయిలవడం. తిరుగు ప్రయాణంలో మొహానికి చలిగాలి కొడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చాక నాన్న టీ తాగుతూ, "మంచి ఇన్‌స్పెక్టరు. వైరు వేలాడితే రోడ్డు మీద తెగి బ్రేకు లైటు ఆరిపోతది. వెనకొచ్చేవాడు గుద్దేది నిన్నే" అన్నాడు. అంతే, దాని గురించి మళ్లీ ఎత్తలేదు. రెండు వారాల తర్వాత రెండోసారి వెళ్లాం. అరగంటలో ముగిసింది. సర్టిఫికెట్ మీద నా ఛాసిస్ నంబరు అచ్చయి ఉంది. నమూనా పేరుతో వచ్చిన కాగితం కాదది, ఆ ఒక్క కారుకే ఇచ్చింది. అందుకే దాన్ని నేను అంత గట్టిగా నమ్ముతాను. ఒక తెలిసిన మనిషి నాలుగు గంటలు నా కారు చుట్టూ మోకాళ్ల మీద తిరిగి ఇచ్చిన కాగితం అది.

ఆ తర్వాతది పోస్టు పని. బళ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏ సంస్థ స్థానిక ఆఫీసులన్నీ 2013లోనే మూసేశారు కాబట్టి ఫైలంతా స్వాన్సీలోని దాని ప్రధాన ఆఫీసుకు పంపాలి. వీ55/4 ఫారం, విడిభాగాలతో కట్టిన బండి కోసం వీ627/1 ఫారం, ఐవీఏ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, బిల్లులు, కట్టేటప్పుడు తీసిన ఫోటోలు, మొదటి రిజిస్ట్రేషన్‌కు 55 పౌండ్లు, రోడ్డు పన్ను. ఇక్కడ బిల్లులు చాలా ముఖ్యం. భాగాలన్నీ కొత్తవని చూపించగలిగితే ఆ ఏడాది నంబరు వస్తుంది. ఏ భాగం ఎక్కడిదో, ఎంత పాతదో తేలకపోతే 'క్యూ' అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అది చట్టబద్ధమే గానీ రేపు అమ్మాలంటే ధర పడిపోతుంది. నేను ప్రతి బిల్లూ తేదీ ప్రకారం ఫైలులో పెట్టాను. ఇది అమ్మ పని. ఇంటి కరెంటు బిల్లులు ఇరవై ఏళ్లవి దాచిన మనిషి. నంబరు వచ్చిన రోజు ప్లేట్లు చేయించి, వాటికి పసుపూ కుంకుమా పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది కూడా అమ్మే.

కారుకు అనుమతి వచ్చింది, నాకు రావాలి. మన దేశపు లైసెన్సుతో ఇక్కడ మొదటి పన్నెండు నెలలే నడపొచ్చు, దాన్ని మార్చి బ్రిటన్ లైసెన్సు ఇవ్వరు. మళ్లీ పరీక్ష రాయాలి, అది నేను ఎప్పుడో రాసేశాను. రేసుకు మాత్రం వేరే లైసెన్సు. దానికి ఏఆర్‌డీఎస్ అనే పరీక్ష: ట్రాక్ మీద శిక్షకుడి పక్కన నడిపి చూపించాలి, జెండాల అర్థాల మీద రాతపరీక్ష ఉంటుంది. జెండాల ప్రశ్నల్లో ఒక్కటి తప్పినా ఫెయిలే. అది న్యాయమే అనిపించింది నాకు. ముందు ప్రమాదముందని చెప్పే పసుపు జెండా అర్థం తెలియనివాడు ట్రాక్ మీద ఉండకూడదు.

రోడ్డు మీద ఆ కారును నడపడం గురించి అందరూ అడుగుతారు. లారీ పక్కన ఆగితే నా కళ్లెదురుగా దాని చక్రం మధ్యభాగం ఉంటుంది. లారీవాడికి నేను కనపడతానన్న భరోసా లేదు, అందుకే ఎప్పుడూ అతని అద్దంలో అతని మొహం నాకు కనిపించే చోటే ఉంటాను. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. స్పీడ్ బ్రేకర్ వస్తే ఐమూలగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించాలి, లేకపోతే ఇంజను కింది ఆయిలు తొట్టి తగులుతుంది. హైవే మీద 70 మైళ్ల హద్దు అందరికీ ఉన్నట్టే నాకూ ఉంది. పక్కన యువకులు కారు ఆపి ఇంజను రొద చేసి రమ్మన్నట్టు చూస్తారు. నేను కదలను. మామూలు రోడ్డు మీద పందెం వెయ్యడం ఇక్కడ 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. నేను వేసుకున్న ప్లేటు నాకు రోడ్డును ఇచ్చింది, రేసును కాదు. రేసుకు ట్రాక్ ఉంది.

ఇక్కడే మన దేశం గురించి రెండు మాటలు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. టీవీలో చూస్తూ నాన్నకు ఫోన్ చేశాను. "మన రోడ్డు మీద రేసు కార్లు!" అన్నాడు సంబరంగా. నిజమే గానీ అది వేరే సంగతి. రోడ్డును మూసి, కాంక్రీటు గోడలు పెట్టి, కొన్ని రోజులు ట్రాక్‌గా మార్చారు. ఆ కార్లకు సిగ్నల్ దగ్గర ఆగే పనిలేదు. మన దగ్గర రేసు కార్లు కోయంబత్తూరు, శ్రీపెరంబుదూరు, గ్రేటర్ నోయిడా ట్రాకుల మీద తిరిగి లారీ ఎక్కి ఇంటికెళ్తాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. ఇష్టం వచ్చినట్టు సైలెన్సర్లు పీకి, టైర్లు మార్చి తిరిగే బళ్లు నేనూ చూశాను. కానీ ఇంట్లో పద్ధతిగా కట్టిన ఒకే ఒక్క కారును కట్టినవాళ్లే తీసుకెళ్లి, ఇన్‌స్పెక్టరు చేత బంతి దొర్లించి చూపించుకుని, తప్పులు దిద్దుకుని ప్లేటు తెచ్చుకునే తేలికపాటి దారి కూడా ఉండాలని నా కోరిక. ఆటోనగర్లో ఆ కారు కట్టగల చేతులు వందలున్నాయి. మా నాన్న చేతులు అక్కడివే.

మళ్లీ 2016కు వస్తే, ఆ జులైలో మా రేసు బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో. మిల్టన్ కీన్స్ నుంచి లండన్ చుట్టూ తిరిగే ఎం25 హైవే మీదుగా, డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటి వెళ్లాలి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా అక్కడ టోలు. గేట్లుండవు, కెమెరా నంబరు ప్లేటు చదువుకుంటుంది, మనం తర్వాత ఆన్‌లైన్‌లో కట్టాలి, అప్పట్లో రెండున్నర పౌండ్లు. వంతెన ఎక్కుతుంటే పక్క సీట్లో నాన్న వెనక్కి తిరిగి కెమెరాలను చూశాడు. "మనదీ చదువుతదా?" అన్నాడు. చదివింది. నేను కట్టాను.

ట్రాక్ పక్కన కార్లు సిద్ధం చేసుకునే చోటైన ప్యాడక్‌లో ముందు అద్దం విప్పి, చిన్న పలక బిగించి, సామాన్లన్నీ దించి, నంబరు స్టిక్కర్లు అంటించాం. రేసు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పదిహేడో స్థానంలో వచ్చాను. మూడో ల్యాపులో ప్యాడక్ హిల్ మలుపు దిగుతుంటే పక్క కారు నా ఎడమ ముందు చక్రానికి తగిలింది. మడ్‌గార్డు పట్టీ విరిగి, గార్డు చక్రం మీద ఊగుతోంది. ఇంటికి తీసుకెళ్లాల్సిన కారుతో రేసు ఆడితే మనసు అక్కడ కూడా రెండుగా పనిచేస్తుంది. గెలవాలని ఒక సగం, ఇండికేటర్ పగలకూడదని ఒక సగం. ట్రైలర్ మీద తెచ్చినవాళ్లకు ఆ బాధ లేదు. నాకు మాత్రం ఈ రెండో సగం మంచే చేసిందనిపిస్తుంది. ఆ ఏడాదంతా ఎవరినీ గుద్దలేదు.

విరిగిన గార్డుతో, పదునైన అంచుతో రోడ్డెక్కకూడదు. నాన్న పక్క గుడారంలోకి వెళ్లి, సైగలతో అడిగి, అల్యూమినియం పట్టీ ముక్కా రివిట్ గన్నూ తెచ్చాడు. పట్టీని మోకాలి మీద వంచి, గార్డుకు కింద ఆనించి నాలుగు రివిట్లు కొట్టాడు. అంచు రుద్ది, బొటనవేలు ఈడ్చి చూశాడు. నేను అద్దం మళ్లీ బిగించి, వైపర్లు, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు అన్నీ ఒకటికి రెండుసార్లు వేసి చూశాను. రేసు నంబర్లు కనపడకుండా నల్ల టేపు అడ్డంగా వేశాం. అన్నీ అయ్యేసరికి ట్రాక్‌లో మేమూ, ఊడ్చేవాళ్లూ మిగిలాం.

ఎం25 ఎక్కేసరికి బాగా చీకటి పడింది. డార్ట్‌ఫర్డ్ సొరంగం ముందు నాన్న వాచీ చూసుకున్నాడు. పది దాటి ఏడు నిమిషాలు.

"ఇప్పుడు టోలు లేదుగా?"

"లేదు నాన్నా."

"సరే, పద" అన్నాడు.